కొత్త జీఆర్ 86 నా, పాత పోర్షేనా? ఫ్రిస్కో తమ్ముడికి జవాబు

ముందు ఉత్తరం, కొంచెం కుదించి పెడుతున్నా:

"అన్నా, నమస్తే. మాది గుంటూరు, ఇప్పుడు ఉండేది టెక్సాస్ ఫ్రిస్కోలో. నాకు 34. హెచ్1బీ మీద ఉన్నా, గ్రీన్ కార్డ్ దారిలో ఐ-140 అనే మెట్టు అప్రూవ్ అయింది, గ్రీన్ కార్డ్ ఎప్పుడొస్తుందో ఆ పైవాడికే తెలియాలి. పాపకి నాలుగేళ్ళు. ఇంట్లో హోండా సీఆర్‌వీ ఉంది, అది మా ఆవిడ నడుపుద్ది. నా పాత కరోలా అమ్మేశా. బడ్జెట్ 35 వేల డాలర్లు, అందులో 20 వేలు చేతిలో ఉన్నాయి. ఇంజినీరింగ్ హాస్టల్లో గోడకి పోర్షే పోస్టర్ అంటించుకున్న బ్యాచ్ మాది. ఇప్పుడు రెండు కార్ల దగ్గర ఆగిపోయా. ఒకటి కొత్త టొయోటా జీఆర్ 86 ప్రీమియం, మాన్యువల్, 34 వేల దాకా అవుతుంది. రెండోది 2010 పోర్షే కేమన్ ఎస్, అదీ మాన్యువలే, 78 వేల మైళ్ళు తిరిగింది, ప్లేనోలో ఒకాయన 33 వేలకి ఇస్తానంటున్నాడు. రోజూ రాత్రి పన్నెండింటి దాకా వీడియోలే, మా ఆవిడకి విసుగొచ్చేసింది. నువ్వైతే ఏం తీసుకుంటావ్ అన్నా? అమ్మా నాన్నా మే నెలలో వస్తున్నారు, హనుమాన్ గుళ్ళో వాహన పూజ చేయించాల్సిందే అని అమ్మ ఇప్పట్నుంచే ఫోన్లు."

తమ్ముడూ, జవాబు ముందే చెప్పేస్తా, నువ్వు మళ్ళీ పన్నెండింటి దాకా మేలుకోకుండా. జీఆర్ 86 తీసుకో. ప్రీమియం వద్దు, బేస్ తీసుకో. మాన్యువల్ సరే.

కేమన్ బాగోదని కాదురా బాబూ. అసలు సంగతేంటంటే ఈ రెండిట్లో మంచి కారు కేమనే, అందులో నాకు డౌటే లేదు, నీకూ ఉండి ఉండదు. ఇంజిన్ సీట్ల వెనకాల, చక్రాల మధ్యలో, నీ వీపుకి జానెడు దూరంలో ఉంటది. 3.4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, 320 హార్స్ పవర్, అది పైకి తిరిగేటప్పుడు చేసే చప్పుడు స్పీకర్లలోంచి వచ్చేది కాదు. పైగా ఆ తరం కేమన్లలో స్టీరింగ్ ఇంకా హైడ్రాలిక్, తర్వాతి తరం నుంచి ఎలక్ట్రిక్ చేసేశారు, అందుకే పాతదానికి ఇప్పటికీ ప్రాణమిచ్చే వాళ్ళున్నారు. రోడ్డు మీద చిన్న గరుకు ఉన్నా అరచేతికి తెలుస్తది. నీకు దొరికింది 2010 మోడల్ కావడం ఇంకో అదృష్టం, ఎందుకంటే 2008 దాకా వచ్చిన వాటిల్లో ఐఎంఎస్ బేరింగ్ అని ఇంజిన్ లోపల ఒకటి ఉండేది, అది పోతే ఇంజినే పోయేది, దాని మీద అమెరికాలో కోర్టు కేసులు కూడా నడిచాయి. 2009లో ఇంజిన్ మొత్తం మార్చేశారు, ఆ బేరింగ్ ఉండే షాఫ్టే తీసేశారు. అంటే నువ్వు బాగానే చదువుకునే వెతికావ్, కళ్ళు మూసుకుని ఎర్ర కారు చూసి పడిపోయిన కేసు కాదు నీది.

మరి ఎందుకు వద్దంటున్నా?

ఆ కారు కొత్తలో 60 వేల డాలర్ల పైన. ఆప్షన్లు పెట్టించుకుంటే 70. నీకు 33 వేలకి వస్తోంది కాబట్టి అది 33 వేల కారు అని బుర్ర అనుకుంటది. కానీ దాని క్లచ్ కి ఆ సంగతి తెలీదు, దాని వాటర్ పంపుకి తెలీదు, గంటకి 200 డాలర్లకి అటూఇటూ తీసుకునే స్పెషలిస్టు మెకానిక్ కి అసలే తెలీదు. అవి ఇప్పటికీ 60 వేల కారు లెక్కలోనే బిల్లేస్తాయి, పైగా వయసు పదిహేనేళ్ళు దాటింది. రబ్బరు గొట్టాలు, ప్లాస్టిక్ ట్యాంకులు, సస్పెన్షన్ బుష్షులు, ఇవి మైళ్ళు చూసి పోవు, ఏళ్ళు చూసి పోతాయి. ఇంజిన్ మధ్యలో పెట్టారు కాబట్టి బానెట్ ఎత్తి చూద్దామంటే అక్కడ సూట్‌కేస్ పెట్టుకునే గుంట తప్ప ఏం కనబడదు, ప్రతి పనికీ కిందనుంచో, సీట్ల వెనక మూత తీసో చెయ్యాలి. స్పార్క్ ప్లగ్గులు మార్చడం కూడా ఒక కార్యక్రమమే. క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, మూడు వేల చుట్టుపక్కల పెట్టుకో. 78 వేల మైళ్ళ కారుకి ఇంకా మొదటి క్లచ్చే ఉందా లేక మార్చారా, అడిగావా? అడిగుండవు.

నేను దీంట్లో కాలు పెట్టి తెలుసుకున్నా. చాన్నాళ్ళ క్రితం నేనూ తొమ్మిదేళ్ళ పాత జర్మన్ కూపే ఒకటి కొన్నా, ఏ కంపెనీదో వద్దులే, తప్పు కారుది కాదు నాది. కొన్నది మార్చిలో. ఆగస్టులో హ్యూస్టన్‌లో మా తోడల్లుడి ఇంట్లో గృహప్రవేశం అని ఐ-45 మీద బయల్దేరాం, కోర్సికానా దాటాక టెంపరేచర్ ముల్లు పైకి లేచింది, పక్కకి ఆపేసరికి పొగ. నెత్తి మీద 104 డిగ్రీల ఎండ, పట్టుచీరలో మా ఆవిడ, ఒళ్ళో స్వీట్ల డబ్బా, టో ట్రక్కు రావడానికి గంటా ఇరవై నిమిషాలు. ఆ గంటా ఇరవై నిమిషాల్లో ఆవిడ ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది. బిల్లు 2,900. అక్కడితో అయిపోతే నీకీ కథ చెప్పేవాణ్ణే కాదు. తర్వాత ఏమైందంటే, కారు బాగయింది కానీ నేను బాగవలేదు. చిన్న చప్పుడొస్తే రేడియో ఆపి చెవులు రిక్కించడం, ఎండ ఎక్కువుంటే సీఆర్‌వీ లాంటిదేదో తీసుకెళ్ళడం, దూరమైతే వద్దులే అనుకోవడం. ఏడాది తిరిగేసరికి లెక్క చూస్తే పదకొండొందల మైళ్ళు కూడా నడపలేదు. గరాజ్‌లో కవర్ కప్పి, శనివారం కవర్ తీసి తుడిచి, మళ్ళీ కవర్ కప్పేవాణ్ణి. అది కారు కొనుక్కోవడం కాదు, పూజగది ఇంకోటి కట్టుకోవడం.

నీ బడ్జెట్ 35 వేలు, కారు 33 వేలు. టెక్సాస్‌లో సేల్స్ టాక్స్ 6.25 శాతం, అంటే రెండు వేల అరవై. అంతే, కారు ఇంటికి రాకముందే నీ బడ్జెట్ అయిపోయింది. ఇంకో విషయం, ప్రైవేట్ పార్టీ దగ్గర కొంటే టాక్స్ నువ్విచ్చిన ధర మీద మాత్రమే కాదు, రాష్ట్రం వాళ్ళ దగ్గర ప్రతి కారుకీ ఒక లెక్క విలువ ఉంటది, దాంట్లో 80 శాతం, నువ్విచ్చిన ధర, రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద కడతావ్. పాత పోర్షే కొనేవాడికి నేను చెప్పే ఒకే ఒక్క రూలు ఏంటంటే కారు ధర కాకుండా ఆరు వేలు విడిగా బ్యాంకులో పడుండాలి, అది ముట్టుకునే డబ్బు కాదు, అది కారులో భాగం అనుకోవాలి. ఆ ఆరు వేలు నీకు లేవు. పైగా చేతిలో 20 వేలే అంటున్నావ్, మిగతా 15 వేలు లోన్. పదేళ్ళు దాటిన కార్లకి లోన్ ఇవ్వడానికి చాలా బ్యాంకులు వెనకాడతాయి, ఇచ్చినా వడ్డీ ఎక్కువ. పాత కారుకి అప్పు చేసి, ఆ అప్పు తీరకముందే రిపేరుకి క్రెడిట్ కార్డు గీకడం, ఇది నేను చాలామంది దగ్గర చూశా.

దీనికి నువ్వు ఏమంటావో నాకు తెలుసు. "అన్నా, పాతది ఇప్పటికే పడాల్సినంత పడింది, కొత్తది షోరూం నుంచి బయటికి రాగానే పడిపోద్ది కదా" అంటావ్. కరెక్టే, ఆ మాటలో న్యాయం ఉంది. నా అంచనా ప్రకారం మూడేళ్ళ తర్వాత జీఆర్ 86 మీద ఎనిమిది తొమ్మిది వేలు పోతాయి అనుకో, కేమన్ మీద నాలుగైదు వేలే పోవచ్చు, మైళ్ళు తక్కువ పెడితే. అంటే కాగితం మీద కేమన్ నాలుగు వేలు గెలిచింది. ఇప్పుడు ఆ నాలుగు వేల మీద ఒక క్లచ్ పెట్టు, ఒక సెట్ టైర్లు పెట్టు, ఆ కారుకి వెనక టైర్లు వెడల్పు ముందువి సన్నం కాబట్టి ముందూ వెనకా మార్చుకోవడం కూడా కుదరదు, వెనకవి తొందరగా అరుగుతాయి. గెలిచింది అక్కడే ఖర్చయిపోయింది. ఇదంతా ఏదీ పెద్దగా పోకుండా ఉంటేనే. కొత్త టొయోటాకి మూడేళ్ళు లేదా 36 వేల మైళ్ళు వారంటీ, ఇంజిన్ గేర్‌బాక్స్ కి ఐదేళ్ళు లేదా 60 వేలు, మొదటి రెండేళ్ళు ఆయిల్ మార్పిళ్ళు కూడా వాళ్ళే చేస్తారు.

సరే, డబ్బు పక్కన పెట్టు. నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముందు కనబడింది హెచ్1బీ అన్న మాట.

ఇది కార్ల వీడియోల్లో ఎవడూ చెప్పడు, వాళ్ళకి అవసరం లేదు కాబట్టి. రేపు, అలా జరక్కూడదు, జరగదు కూడా, కానీ ఉద్యోగం పోయిందనుకో, ఈ దేశంలో ఉండటానికి నీ చేతిలో మహా అయితే 60 రోజులు. ఆ 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి, ఇంటర్వ్యూలకి చదువుకోవాలి, ఇంటి సంగతి, పాప బడి సంగతి చూడాలి, మధ్యలో కారు అమ్మాల్సొస్తే? జీఆర్ 86 ని ఏ డీలర్ దగ్గరికి తీసుకెళ్ళినా మధ్యాహ్నం భోజనం టైముకి చెక్కు చేతిలో పెడతాడు, కొంచెం తక్కువకే కావచ్చు. పదిహేనేళ్ళు దాటిన కేమన్ ఎస్ మాన్యువల్ అలా కాదు. దాని విలువ తెలిసినవాడు ఎక్కడో ఉంటాడు, కానీ వాడు వచ్చి, చూసి, ఇన్‌స్పెక్షన్ చేయించి, ఆలోచించుకుని, బేరమాడి కొనేదాకా నువ్వు ఆగాలి. ఆగలేనివాడి దగ్గర అది డీలర్ అడిగిన రేటుకి పోతుంది. అంటే ఆ కారుకి మంచి ధర రావాలంటే దాన్ని ఓపిగ్గా అమ్మాలి, వీసా మీద ఉన్నవాడికి ఉండనిది ఆ ఓపికే. ప్లేనో ఆయనకి ఉంది, అందుకే 33 వేలు అడుగుతున్నాడు. గ్రీన్ కార్డ్ వచ్చినరోజు ఇదే ఉత్తరం మళ్ళీ రాయి, నా జవాబు మారొచ్చు.

రోడ్ల సంగతి చూద్దాం. నువ్వుండేది ఫ్రిస్కో, ఆఫీసు లెగసీ దగ్గరో ఎక్కడో అయ్యుంటది, అంటే నీ రోజు డాలస్ నార్త్ టోల్‌వే, లేకపోతే 121. స్కేలు పెట్టి గీసినట్టుంటాయి. మలుపంటే ఎగ్జిట్ ర్యాంపే. కేమన్ ఎస్ రెండో గేరులో మీటరు మీది ఎర్ర గీత దాకా, అంటే ఇంజిన్ తిరగగలిగే హద్దు దాకా, లాగితేనే 70 మైళ్ళ స్పీడు దాటేస్తది, మూడో గేరు అయిపోయేసరికి 100 చుట్టుపక్కల ఉంటావ్, లిమిట్ ఏమో 70. అంటే నువ్వు కొనుక్కున్న దాంట్లో సగం కూడా వాడకముందే వెనకాల లైట్లు వెలుగుతాయి. జీఆర్ 86 లో 2.4 లీటర్లు, 228 హార్స్ పవర్, బరువు 2,850 పౌండ్ల లోపే, దాన్ని రెండో గేరులో పూర్తిగా పిండితే 60 దగ్గర అయిపోద్ది. ఏడువేల చిల్లర ఆర్‌పీఎం దాకా తీసుకెళ్ళి, క్లచ్ తొక్కి, మూడోది వేసి, ఇదంతా చేసినా నువ్వు ఇంకా చట్టంలోనే ఉంటావ్. నెమ్మది కారుని గట్టిగా నడపడంలో ఉన్న సరదా స్పీడు కారుని నెమ్మదిగా నడపడంలో ఉండదు, ఇది మనకి కొత్తేం కాదు, గుంటూరు అరండల్‌పేటలో స్ప్లెండర్ మీద తిరిగిన వాడికి తెలీదా.

అన్నట్టు మాన్యువల్ గురించి ఒకటి. మనమంతా ఊళ్ళో మారుతి మీద ఎడం చేత్తో గేర్లు మార్చి నేర్చుకున్నాం, ఇక్కడ కుడి చేత్తో మార్చాలి. మొదటి వారం ఎడం చెయ్యి వెళ్ళి తలుపుకి తగుల్తా ఉంటది. నవ్వకు, నిజంగా తగుల్తది. ఆ వారంలో చేసే తప్పులు వారంటీ ఉన్న కారు మీద చెయ్యడం మేలా, మూడు వేల క్లచ్ మీద చెయ్యడం మేలా?

నిజమైన మలుపులు కావాలంటే డాలస్‌లో లేవు, హిల్ కంట్రీ అనే కొండల ప్రాంతానికి వెళ్ళాలి, లేకీ ఊరి చుట్టూ 335, 336, 337 రాంచ్ రోడ్లు, ట్విస్టెడ్ సిస్టర్స్ అంటారు. ఇక్కణ్ణుంచి ఐదారు గంటలు. పొద్దున్నే నాలుగింటికి ఫ్లాస్కులో కాఫీ పోసుకుని బయల్దేరాలి, అంత దూరం వెళ్ళడానికి కారు మీద నమ్మకం ఉండాలి, ఫోన్ సిగ్నల్ కూడా సరిగ్గా ఉండదక్కడ. నా పాత కూపేతో నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఇప్పుడు నా దగ్గరున్న మాజ్డా మియాటాతో నాలుగుసార్లు వెళ్ళొచ్చా. అది 181 హార్స్ పవర్, చిన్న బొమ్మ కారులా ఉంటది, పార్కింగ్‌లో మనవాళ్ళు "మీ అమ్మాయిదా అన్నా" అని అడుగుతారు. అడగనీ. నీకు అది చెప్పట్లేదు, రెండే సీట్లు, మీ పాప ఎక్కడ కూర్చుంటది?

పాప మాటొచ్చింది కాబట్టి. జీఆర్ 86 వెనక సీట్లు పెద్దవాళ్ళకి పనికిరావు, అవి సీట్లని కంపెనీ వాడు చెప్పబట్టి నమ్మాలి. కానీ నాలుగేళ్ళ పిల్లకి కార్ సీట్ బిగించే కొక్కేలు ఉంటాయి, ముందు సీటు బాగా ముందుకి జరిపితే పడుద్ది, కొనేముందు మీ కార్ సీట్ పట్టుకెళ్ళి డీలర్ దగ్గరే బిగించి చూడు, మొహమాటపడకు. కేమన్‌లో రెండే సీట్లు, పాపని ముందు సీట్లో కూర్చోబెట్టాలి, పదమూడేళ్ళ దాకా పిల్లల్ని వెనకే కూర్చోబెట్టమని ఇక్కడ అందరూ చెప్పేదే. అంటే కేమన్ కొంటే అది నీ ఒక్కడి కారు, పాపని డాన్స్ క్లాసుకి దింపే పని ఎప్పుడూ మీ ఆవిడదే అయిపోద్ది. అది మెల్లగా ఇంట్లో ఎటు తిరుగుతుందో పెళ్ళైనవాడివి నీకు చెప్పాలా. వెనక సీటు మడిస్తే జీఆర్ 86 లో నాలుగు టైర్లు పడతాయి, రేస్ ట్రాక్ మీద సరదాగా నడపడానికి వెళ్ళేవాళ్ళ కోసం అలా చేశారు, అంటే మనకి నాలుగు సోనా మసూరి బస్తాలు, ఒక ఆవకాయ జాడీ. అమ్మని మాత్రం రెండిట్లోనూ ఎక్కించలేవు, ఎక్కించినా దించలేవు, మోకాళ్ళు. ఎయిర్‌పోర్టుకి సీఆర్‌వీయే.

బేస్ ఎందుకన్నానో చెప్తా. ఇంజిన్ అదే, గేర్‌బాక్స్ అదే, ఇంకో రెండు వేల చిల్లర పోస్తే వచ్చేది 18 అంగుళాల చక్రాలు, సీట్లకి మెరుగైన గుడ్డ, వెనక స్పాయిలర్, రెండు స్పీకర్లు ఎక్కువ, ఇలాంటివి. 17 అంగుళాల టైర్లు చవక, మన రోడ్ల గుంతలకి కూడా కొంచెం మెత్తన. ఆ మిగిలిన డబ్బు పెట్టి బ్రేక్ ప్యాడ్లూ బ్రేక్ ఆయిలూ మార్పించి ట్రాక్ డే కి వెళ్ళు. కొత్త జీఆర్ 86 తో పాటు నాసాలో ఏడాది మెంబర్‌షిప్, ఒక డ్రైవింగ్ ఈవెంట్ ఉచితంగా ఇస్తున్నారు, కొనేరోజు డీలర్ దగ్గర ఇంకా ఉందో లేదో అడుగు. రాకెట్ల నాసా కాదు, నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్. గుంటూరులో మాత్రం విడమర్చి చెప్పకు, మా వాడికి నాసాలో మెంబర్‌షిప్ వచ్చిందని మీ నాన్న నాలుగు రోజులు సంతోషంగా తిరుగుతారు. ఫోర్ట్‌వర్త్ కి అవతల క్రెసన్‌లో ట్రాక్ ఉంది. పక్కన ఇన్‌స్ట్రక్టర్ని కూర్చోబెట్టుకుని ఒక్క రోజు తిరిగొస్తే, ఇన్నాళ్ళూ నీకు డ్రైవింగ్ వచ్చు అనుకున్నది తప్పని తెలుస్తది, నాకైతే తెలిసింది. మామూలు కారు ఇన్సూరెన్స్ ట్రాక్ మీద జరిగినదానికి ఇవ్వదు సాధారణంగా, ఆ రోజుకి విడిగా తీసుకోవచ్చు.

జీఆర్ 86 కి వంకలు లేవా అంటే బోలెడు. ఇంజిన్ చప్పుడు నీరసంగా ఉంటదని స్పీకర్లలోంచి కూడా కలిపి వినిపిస్తారు, నాకు చిరాకు. టైర్ల రొద బాగా వినబడుద్ది, హ్యూస్టన్ వెళ్ళొస్తే చెవులు గుయ్యిమంటాయి. ప్లాస్టిక్ చూస్తే 33 వేలు దీనికా అనిపిస్తది. ప్రీమియం పెట్రోలే పొయ్యాలి. ఇంజిన్ చేసింది సుబారూ, అతికించడానికి వాడే సీలెంట్ ముక్కలు ఆయిల్ లోకి ఊడి పడుతున్నాయని, ట్రాక్ మీద పొడుగు కుడి మలుపుల్లో ఆయిల్ ప్రెషర్ తగ్గుతుందని ఓనర్లు చాలా గొడవపడ్డారు, నువ్వు ట్రాక్ పిచ్చోడివైపోతే అప్పుడు దాని సంగతి చూసుకోవాలి, రోడ్డు మీద నడిపేవాడికి అంత బెంగ అక్కర్లేదు. ఇక డీలర్లు, కంపెనీ వేసిన స్టిక్కర్ ధర పైన ఇంకో రెండు వేలు, మూడు వేలు "మార్కెట్ అడ్జస్ట్‌మెంట్" అని రాస్తారు కొంతమంది. లేచి వచ్చెయ్. ఓక్లహోమా దాకా ఫోన్లు చెయ్యి, ఎవడో ఒకడు స్టిక్కర్ కే ఇస్తాడు.

ఇన్సూరెన్స్ మాత్రం రెండిటికీ నంబర్లు ఇచ్చి కోట్ అడుగు, పోర్షే అంటే వాచిపోతుందనుకుంటారు గానీ ప్రతిసారీ అలా ఉండదు, జీఆర్ 86 లు కుర్రాళ్ళు గుద్దేస్తుంటారు కాబట్టి దానికీ తక్కువేం రాదు. వడగళ్ళకి కవరేజ్ ఉందో లేదో చూడు. ఏప్రిల్‌లో మన దగ్గర నిమ్మకాయంత వడగళ్ళు పడతాయి, మీ గరాజ్‌లో ఒక వైపు అట్టపెట్టెలే ఉండుంటాయి అందరిళ్ళలో లాగా, అవి తియ్యకపోతే ఆ రాత్రి లోపల ఉండేది నీ కారా ఆవిడ సీఆర్‌వీనా అన్నది ముందే మాట్లాడుకోండి.

ఇంత చెప్పినా నువ్వు ప్లేనో వెళ్తావ్. తెలుసు నాకు. పోస్టర్ మాట రాసినప్పుడే తెలిసింది. పోర్షే మీద మోజుండటం తప్పని నేననను, గుళ్ళో పార్కింగ్‌లో నలుగురు తిరిగి చూస్తే బాగుంటది, ఆ మాట పైకి ఒప్పుకోవడానికి సిగ్గుపడతాం అంతే. కానీ మోజుకి అప్పు చెయ్యకు. వెళ్తే ఇలా వెళ్ళు: ముందే ఫోన్ చేసి ఇంజిన్ చల్లగా ఉంచమను, నువ్వెళ్ళేసరికి ఇంజిన్ ఉండే వెనక భాగం వేడిగా ఉంటే ఏదో దాస్తున్నాడు అనుకో. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు వచ్చే పొగ, చప్పుడు చూడు. ఆయిల్ మార్చిన బిల్లులన్నీ అడుగు, బిల్లుల్లేని పోర్షే మార్కుల్లిస్టు లేని సర్టిఫికెట్ లాంటిది. అమ్మేవాడికి సంబంధం లేని పోర్షే స్పెషలిస్టు దగ్గర కొనేముందు తనిఖీ చేయించు, దాన్ని పీపీఐ అంటారు, మూడు నాలుగొందలు అవుద్ది, అది దండగ కాదు. ఆ తనిఖీలో ఇంజిన్ కంప్యూటర్ నుంచి ఓవర్ రెవ్ రిపోర్ట్ తియ్యమని గట్టిగా చెప్పు, మాన్యువల్ కారు కాబట్టి ఎప్పుడైనా ఎవడైనా స్పీడులో నాలుగు వెయ్యబోయి రెండు వేసి ఇంజిన్ని ఎర్ర గీత దాటించి ఉంటే అందులో ఎన్నిసార్లు, ఎంత పైకి, ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగాక అన్నీ రాసుంటాయి. ఇంకోటి, టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకి ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు, కాలిన్, డెంటన్, డాలస్ లాంటి కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రమే మిగిలింది. అంటే ఆ కారు బ్రేకులూ టైర్లూ చూసి ముద్ర వేసినవాడు ఈమధ్య ఎవడూ ఉండకపోవచ్చు, అద్దం మీద రిజిస్ట్రేషన్ స్టిక్కర్ చూసి ధైర్యపడకు. కారు కంప్యూటర్ని చదివే ముప్పై డాలర్ల స్కానర్ ఒకటి పట్టుకెళ్ళు, మానిటర్లు, అంటే కారు తనకి తానే చేసుకునే పరీక్షలు, రెడీ కాలేదు అని చూపిస్తే నిన్నో మొన్నో చెక్ ఇంజిన్ లైట్ చెరిపేశాడని అర్థం, లేకపోతే బ్యాటరీ తీసి పెట్టాడు, ఏదైనా ఎందుకో అడగాలి.

ఇవన్నీ నెగ్గి, ఆయన 27 వేలకి దిగి, మీ ఆవిడ సరే అంటే, అప్పుడు కొనుక్కో, నేను అడ్డం రాను, మొదటి రైడ్ కి నన్ను పిలు. 33 కి మాత్రం వద్దు.

హైదరాబాద్, విజయవాడ నుంచి కూడా ఇలాంటివే అడుగుతున్నారు, వాళ్ళకో మాట. జీఆర్ 86 గానీ మియాటా గానీ మన దేశంలో కంపెనీ అమ్మట్లేదు, కాబట్టి ఈ పోటీ అక్కడ వేరేలా ఉంటది, కొత్త టర్బో సెడానా, పాత జర్మన్ సెడానా అని. పేర్లు వేరు గానీ విడిభాగాల బిల్లు సంగతి అక్కడా ఇదే, పైగా స్పీడ్ బ్రేకర్లు కింద గీరుకోవడం అదనం.

తమ్ముడూ, ఈ శనివారం పొద్దున డీలర్ దగ్గరికి ముందు వెళ్ళు, ప్లేనోకి తర్వాత. ఈ వరస మార్చకు, కేమన్ దిగి జీఆర్ 86 ఎక్కితే అది పాపం అన్యాయం అయిపోద్ది. కార్ సీట్ మర్చిపోకు. అమ్మ వచ్చాక హనుమాన్ గుళ్ళో పూజకి వెళ్ళినప్పుడు నిమ్మకాయల మీద నుంచి ఎక్కించేటప్పుడు క్లచ్ నిదానంగా వదులు, గుడి ముందు అందరూ చూస్తుండగా బండి ఆగిపోతే అమ్మ అపశకునం అంటది, ఇంకో కొబ్బరికాయ కొట్టేదాకా ఇంటికి రానివ్వదు.